బ్లూ ప్లెయిన్స్ బురద కథ

అమెరికా తొమ్మిదో అధ్యక్షుడు విలియం హెన్రీ హారిసన్ 1841 మార్చి 4న ప్రమాణ స్వీకారం చేసి, నెల తిరిగేసరికి, ఏప్రిల్ 4న కన్నుమూశాడు. చలిలో కోటు లేకుండా దాదాపు రెండు గంటలసేపు ఉపన్యాసం ఇచ్చి న్యుమోనియా తెచ్చుకున్నాడని మన పిల్లలు ఇక్కడి బళ్ళలో చదువుకుంటారు. 2014లో ఇద్దరు పరిశోధకులు ఆయన వైద్యుడు రాసిపెట్టిన వివరాలు మళ్ళీ తిరగేసి, అది న్యుమోనియా కాకపోవచ్చు, టైఫాయిడ్ జాతి జ్వరం అయివుండవచ్చు అన్నారు. ఆ రోజుల్లో వాషింగ్టన్‌లో మురుగు కాలువల ఏర్పాటు లేదు. ఇళ్ళలో పోగైన మలాన్ని బళ్ళకెత్తి, ప్రభుత్వ ఖర్చుతోనే, ఊళ్ళో ఒక ఖాళీ స్థలంలో పోసేవారు. వైట్ హౌస్‌కి మంచినీళ్ళు వచ్చే చోటు సరిగ్గా ఆ స్థలానికి దిగువన ఉంది. హారిసన్ తరవాత పోక్, టేలర్ కూడా ఆ ఇంట్లో ఉండగా కడుపు జబ్బులతో బాధపడ్డారు. టేలర్ 1850లో పదవిలో ఉండగానే పోయాడు.

సాహిత్య సంఘం వార్షిక సంచికలో ఈ గొడవేమిటని మీరనుకోవచ్చు. అనుకోండి, తప్పులేదు. కానీ ఈ సంచిక చదివేవాళ్ళలో వాషింగ్టన్ చుట్టుపక్కల మాంట్‌గోమరీ, ఫెయిర్‌ఫాక్స్, లౌడన్ కౌంటీలలో ఉండేవారు తక్కువేమీ కాదు. పొద్దున మీరు స్నానం చేసిన నీళ్ళు, పిండి రుబ్బాక గ్రైండరు కడిగిన నీళ్ళు, ఇంకా చెప్పకూడని నీళ్ళు ఎక్కడికి పోతాయని ఎప్పుడైనా అనుకున్నారా? అందరివీ కాకపోయినా, చాలామందివి పోటోమాక్ నది ఒడ్డున బ్లూ ప్లెయిన్స్ అనే చోటికి చేరతాయి. అక్కడ నీళ్ళు బాగుపడి నదిలోకి పోతాయి. ఆ సంగతి వార్తల్లో వస్తుంది, బహుమతులు కూడా వస్తాయి. నీళ్ళలోంచి తీసిన బురద సంగతి మాత్రం ఎవరూ అడగరు. నేను వృత్తిరీత్యా సివిల్ ఇంజనీరుని. ముప్ఫై ఏళ్ళు ఈ మురుగునీటి శుద్ధి పనుల్లోనే గడిచింది. బ్లూ ప్లెయిన్స్‌లో నేనెప్పుడూ ఉద్యోగం చేయలేదు. పక్క కౌంటీలో కాపురం ఉన్నవాడిగా, వృత్తి మీద ఆసక్తితో, వాళ్ళు ఎప్పుడు సందర్శకులను లోపలికి రానిచ్చినా వెళ్ళి చూసి వచ్చేవాణ్ణి.

మా ఊళ్ళో నా ఉద్యోగానికి వేరే పేరు ఉండేది. నా పెళ్ళి సంబంధాలు చూసే రోజుల్లో మా పెదనాన్నగారు అడిగినవాళ్ళందరికీ "అమెరికాలో నీళ్ళ డిపార్టుమెంటు" అని చెప్పేవారు. అబద్ధం కాదు, సగం నిజం. మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు సంగతి తెలుసుకుని, "ఇంత చదువూ చదివి చివరికి ఆ పనికా రా నాయనా" అంది. ఆ మాటలో బోలెడు చరిత్ర ఉంది. దాని దగ్గరికి తరవాత వస్తాను.

ముందు మాట గురించి ఒక మాట. ఇంగ్లీషువాళ్ళు స్లడ్జ్ అనేదాన్ని తెలుగులో ఏమనాలి? బురద అంటే చాలామందికి వాన కురిసిన వీధి గుర్తుకొస్తుంది. నూనె డబ్బా అడుగున మిగిలేదాన్ని మడ్డి అంటాం, అది అర్థానికి దగ్గరగా ఉంటుంది. పల్లెల్లో పశువుల దొడ్డి ఊడ్చి పోగేసేది పెంట, అది కుళ్ళి పొలానికి పనికొచ్చే దశకు వస్తే గత్తం లేదా ఎరువు. ఒకే పదార్థం, చోటు మారితే పేరు మారుతుంది. ఈ రహస్యం అమెరికావాళ్ళకీ తెలుసు. 1990ల మొదట్లో ఇక్కడి మురుగునీటి నిపుణుల సంఘం, స్లడ్జ్ అంటే జనం ముక్కు మూసుకుంటున్నారని, కొత్త పేర్లు చెప్పమని సభ్యులను అడిగి, చివరికి బయోసాలిడ్స్ అనే మాట ఖాయం చేసింది. శుద్ధి చేసి, పొలానికి వేయదగ్గ స్థితికి తెచ్చిన బురదకు ఆ పేరు. విమర్శకులు దాన్ని రంగు పూసిన మాట అన్నారు. పెంటకీ ఎరువుకీ తేడా తెలిసిన మనకు అందులో పెద్ద మోసం కనిపించదు గానీ, పెంట నిజంగా ఎరువైందా లేదా అన్న ప్రశ్న మాత్రం ఎప్పుడూ అడగాల్సిందే. ఈ వ్యాసంలో నేను బురద అనే రాస్తాను.

వాషింగ్టన్ నగరానికి మురుగు కాలువలు గట్టిగా పడింది 1871–74 మధ్య, అలెగ్జాండర్ షెపర్డ్ అనే ఒక దూకుడు మనిషి హయాంలో. ఆయన వీధులు తవ్వించి, కాలువలు వేయించి, చెట్లు నాటించి, నగరాన్ని అప్పుల్లో ముంచి పదవి పోగొట్టుకున్నాడు. అంతకు ముందు నగరం మధ్యగా పడవలు తిరగడానికని ఒక కాలువ తవ్వారు. అది కాస్తా ఊరి మురుగంతా చేరే గుంట అయి కూర్చుంది. దాన్ని 1870లలో పూడ్చి, కింద పెద్ద మురుగు తూము కట్టారు. ఇవాళ మీరు పిల్లలను మ్యూజియంలకు తీసుకెళ్ళినప్పుడు నడిచే కాన్‌స్టిట్యూషన్ ఎవెన్యూ కింద ఉన్నది అదే. షెపర్డ్ కాలువల్లో వాన నీరూ మురుగూ కలిసే పారేవి. నగరంలో మూడో వంతు భాగంలో ఇప్పటికీ అంతే. కాలువలైతే వచ్చాయి గానీ, అవన్నీ దగ్గర్లో ఉన్న ఏటిలోకో వాగులోకో వదిలేవే. 1890లో నిపుణులు ఒక పథకం ఇచ్చారు. మురుగునంతా ఒక చోటికి చేర్చి, పంపులతో ఎత్తి, ఊరికి దిగువన నది మధ్యలో వదలమన్నారు. ఆ పంపింగ్ స్టేషన్ 1907 నాటికి ఎనకోస్టియా నది ఒడ్డున పూర్తయింది. చూడముచ్చటైన ఇటుక భవనం, ఇప్పటికీ ఉంది. అక్కడి నుంచి మురుగు వెళ్ళి నదిలో పడే చోటే బ్లూ ప్లెయిన్స్. శుద్ధి గిద్ధి ఏమీ లేదు. ఊరికి దూరంగా వదిలేయడమే శుద్ధి.

ఆ 'ఊరికి దూరం' అన్నదాని దగ్గర కాస్త ఆగాలి. బ్లూ ప్లెయిన్స్ వాషింగ్టన్ నగరానికి దక్షిణాన చిట్టచివరి మూల. 1906లో నగరం తన అనాథ శరణాలయాన్ని, అంటే దిక్కులేని ముసలివాళ్ళనూ రోగులనూ ఉంచే ఆశ్రమాన్ని, అక్కడికే తరలించింది. నల్లజాతి పిల్లల కోసం పెట్టిన ఒక వసతి బడి కూడా అక్కడే ఉండేది. ముప్ఫై ఏళ్ళ తరవాత మురుగు శుద్ధి కర్మాగారం కట్టాల్సి వచ్చినప్పుడు స్థలం కోసం పెద్దగా వెతుక్కోలేదు. నేల వాలు అటే ఉంది, గొట్టాలు అటే పోతున్నాయి, కాబట్టి ఇంజనీరుగా నేనూ ఆ స్థలమే ఎంచుకునేవాణ్ణి. కానీ ఎవరిని చూడదలుచుకోలేదో వాళ్ళనీ, దేన్ని వాసన చూడదలుచుకోలేదో దాన్నీ ఒకే మూలకు పంపిన ఊళ్ళు ప్రపంచంలో ఇదొక్కటే కాదు. మన ఊళ్ళలో వాడలు ఎటు వైపు ఉండేవో గుర్తున్నవారికి ఇది విడమరిచి చెప్పనక్కరలేదు.

1938లో అక్కడ కర్మాగారం పనిచేయడం మొదలుపెట్టింది. ఆరున్నర లక్షల జనాభాకు సరిపోతుందని, రోజుకు 13 కోట్ల గాలన్ల మురుగు పట్టేలా కట్టారు. అది చేసే పని చాలా సులువైనది. మురుగును పెద్ద తొట్లలో నెమ్మదిగా పారనిస్తే బరువైన మలినం అడుగుకు చేరుతుంది, పైన తేరిన నీటిని నదిలోకి వదిలేస్తారు. మరి అడుగున చేరినదాన్ని ఏం చేయాలి? దానికోసం మూతలున్న పెద్ద పెద్ద కుండాల్లాంటివి పన్నెండు కట్టారు. వీటిని డైజెస్టర్లంటారు. మనవాళ్ళకు ఇది సులభంగా అర్థమవుతుంది, ఎందుకంటే ఇది గోబర్ గ్యాస్ సూత్రమే. గాలి చొరబడని చోట, ఒంటి వేడికి దగ్గరి వేడిలో ఉంచితే, సూక్ష్మజీవులు ఆ బురదలోని కుళ్ళే పదార్థాన్ని తిని మీథేన్ వాయువు వదులుతాయి. బురద సగానికి దగ్గరగా తగ్గుతుంది, కంపూ తగ్గుతుంది. మా తాతగారి ఊళ్ళో ఒక ఆసామి దొడ్లో గోబర్ గ్యాస్ పెట్టించుకున్నప్పుడు ఊరంతా వెళ్ళి ఆ నీలం మంట చూసి వచ్చారు. ఆవు పేడతో అయితే సరే, మనిషిదైతే ఆ పొయ్యి మీద అన్నం వండుకుంటారా అని అక్కడే ఒక వాదన లేచింది. ఆ వాదన ఇంకా తెమల్లేదు.

నీళ్ళను అంతకంటే బాగా శుభ్రం చేసే ఉపాయం అప్పటికే పుట్టి ఉంది. 1914లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు సీసాల్లో మురుగు పోసి, గాలి బుడగలు పంపుతూ చూశారు. నీరు తేరడానికి వారాలు పట్టింది. తేరిన నీటిని ఒంపేసి, అడుగున మిగిలిన బురదను మాత్రం పారేయకుండా దాని మీదే కొత్త మురుగు పోశారు. ఇలా మళ్ళీ మళ్ళీ చేసేసరికి వారాల పని గంటల్లోకి వచ్చింది. మనం పెరుగుకు తోడు పెట్టినట్టే: పాత గిన్నెలో మిగిలినది కొత్త పాలను తోడేస్తుంది. ఆ బురదకు యాక్టివేటెడ్ స్లడ్జ్ అని పేరు పెట్టారు. నూరేళ్ళు దాటినా ప్రపంచంలోని పెద్ద నగరాలు చాలావరకు ఈ పద్ధతి మీదే నడుస్తున్నాయి. వాళ్ళిద్దరినీ ఆ దారిలో పెట్టినవాడు గిల్బర్ట్ ఫౌలర్. ఆయన 1912లో అమెరికా వచ్చి, మసాచుసెట్స్‌లోని లారెన్స్ ప్రయోగశాలలో మురుగులోకి గాలి పంపి చేస్తున్న ప్రయోగాలు చూసి వెళ్ళి, మీరూ చేసి చూడండని చెప్పాడు. ఆ ఫౌలరే 1916లో బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కి ప్రొఫెసరుగా వచ్చాడు. మాంచెస్టర్‌లో పద్ధతి పుట్టిన రెండేళ్ళకే దాని వెనకున్న మనిషి మన దేశంలో ఉన్నాడన్నమాట. మనిషి వచ్చాడు గానీ, పద్ధతి మన నగరాలకు విరివిగా రావడానికి మాత్రం చాలా దశాబ్దాలు పట్టింది.

బ్లూ ప్లెయిన్స్‌కి అది 1959లో వచ్చింది. అప్పటికి జనాభా పెరిగింది, శివార్లు పెరిగాయి. 1960లో కాంగ్రెసు అనుమతితో డల్లెస్ విమానాశ్రయం నుంచి దాదాపు 50 మైళ్ళ పొడవున ఒక భారీ మురుగు గొట్టం వేశారు. మనవాళ్ళు తరవాత్తరవాత ఇళ్ళు కొనుక్కున్న హెర్న్‌డన్, స్టెర్లింగ్ ప్రాంతాల మురుగు పోటోమాక్ వెంబడి దిగివచ్చేది దాని గుండానే. అయినా నది బాగుపడలేదు. 1965లో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ పోటోమాక్ దేశానికే సిగ్గుచేటన్నాడు. వేసవిలో నీటి మీద పచ్చటి నాచు దట్టంగా పరుచుకునేది. 1972లో స్వచ్ఛ జల చట్టం వచ్చింది, కేంద్రం డబ్బు పోసింది. బ్లూ ప్లెయిన్స్‌లో ఒకదాని వెనక ఒకటిగా కొత్త మెట్లు కట్టారు. ఫాస్ఫరస్ తీయడానికి ఇనుప లవణాలు కలిపారు, అమోనియాను మార్చే తొట్లు కట్టారు, చివర ఇసుక వడపోతలు పెట్టారు. 1980లకు నది తేరుకోవడం మొదలైంది. నీటి అడుగున పెరిగే గడ్డి మళ్ళీ మొలిచింది, చేపలు తిరిగొచ్చాయి. ఇవాళ ఆ కర్మాగారం సగటున రోజుకు 38 కోట్ల 40 లక్షల గాలన్లు శుద్ధి చేయగలదు. ఇరవై లక్షల మందికి పైగా దాని మీద ఆధారపడి ఉన్నారు. ఈ రకం ఉన్నత స్థాయి శుద్ధి కర్మాగారాల్లో ప్రపంచంలోనే పెద్దదని దానికి పేరు.

ఇక్కడే అసలు చిక్కు. నీళ్ళు ఎంత శుభ్రపడితే బురద అంత పెరుగుతుంది. తీసిన మలినం మాయం కాదు కదా! ఫాస్ఫరస్ పట్టుకోవడానికి కలిపిన ఇనుము కూడా వచ్చి బురదలోనే చేరుతుంది. నది కోసం తెచ్చిన ప్రతి మెరుగూ బురద పద్దులో బాకీగా పడింది. 1938 నాటి పన్నెండు కుండాలు ఈ వరదను తట్టుకోలేకపోయాయి.

1970లలో నగరం పెద్ద ఇబ్బందిలో పడింది. న్యూయార్క్ అయితే తన బురదను పడవల్లో తీసుకెళ్ళి సముద్రంలో పోసేది. 1988 చట్టంతో అది నిషిద్ధమై, 1992 జూన్‌లో ఆగిపోయింది. వాషింగ్టన్‌కు సముద్రం లేదు. కాల్చేద్దామంటే పొగ గొడవ, పూడ్చేద్దామంటే నేల గొడవ. అప్పుడు ఇక్కడికి దగ్గర్లోనే, మేరీలాండ్‌లోని బెల్ట్స్‌విల్ వ్యవసాయ పరిశోధనా కేంద్రంవాళ్ళు బ్లూ ప్లెయిన్స్ బురదను తెప్పించుకుని ఒక పద్ధతి కనిపెట్టారు. బురదలో చెక్కపేళ్ళు కలిపి, చిల్లుల గొట్టాల మీద కుప్పగా పోసి, పైన పాత ఎరువు కప్పి, గొట్టాల గుండా గాలి లాగుతారు. కుప్ప లోపల దానంతట అదే వేడెక్కి 55 డిగ్రీల సెంటీగ్రేడ్ దాటుతుంది, రోగక్రిములు చస్తాయి, మూడు వారాల్లో మాగుతుంది. పెంటకుప్ప తెల్లవారుజామున పొగలు కక్కడం చూసినవాళ్ళకు ఇందులో వింతేమీ లేదు. వింతల్లా దాన్ని అంకెలతో, థర్మామీటర్లతో ఒక శాస్త్రంగా మలచడంలో ఉంది. ఆ పద్ధతి బెల్ట్స్‌విల్ పేరుతోనే దేశమంతా పాకింది. పేరొచ్చినంత సుళువుగా పొరుగువాళ్ళ మన్నన రాలేదు. సిల్వర్ స్ప్రింగ్ దగ్గర ఇదే పద్ధతిలో ఒక పెద్ద ఎరువు కేంద్రం పెడితే, వాసన మీద ఏళ్ళ తరబడి తగవు నడిచి, చివరికి 1999లో అది మూతపడింది.

పాత డైజెస్టర్లు శిథిలమై 2000 ప్రాంతంలో పని మానేశాయి. మిగిలిన దారి ఒక్కటే: బురదను పిండి, సున్నం కలిపి, లారీలకెత్తి వర్జీనియా, మేరీలాండ్ పొలాలకు పంపడం. రోజుకు సుమారు 1,200 టన్నులు, అరవై లారీలు! సున్నం కలిపితే క్రిములు చాలావరకు చస్తాయి గానీ అన్నీ చావవు. 1993 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ఇది రెండో తరగతి సరుకు. వేసిన పొలంలోకి కొంతకాలం జనం తిరగకూడదు, పంట కోయడానికి గడువులు ఉంటాయి. రైతుకు ఎరువు ఉచితం, పైగా సున్నం నేలకు మంచిది, కాబట్టి తీసుకునేవాళ్ళు ఉన్నారు. పక్కింటివాళ్ళు మాత్రం కంపు భరించలేమన్నారు. అప్పొమాటోక్స్ లాంటి కౌంటీలు అడ్డుకోబోతే, రాష్ట్ర చట్టం ఉండగా మీకా అధికారం లేదని కోర్టులు అన్నాయి. రాజధాని మురుగు పల్లెటూరి పొలాల మీదికి వస్తోందన్న కోపం అక్కడ చాలాకాలం ఉండిపోయింది. నాకు ఆ కోపం న్యాయంగానే తోచింది. ఎరువు పనికొచ్చేదే అయినా, సగం ఉడికినది పంపడం మర్యాద కాదు.

దీన్ని బాగు చేయాలని మొదట వేసిన పథకం గుడ్ల ఆకారంలో ఎనిమిది పెద్ద డైజెస్టర్లు కట్టడం. చూడడానికి బ్రహ్మాండంగా ఉండేవి. 2000ల మధ్యలో ధరలు అంచనాలను మించిపోయి పథకం అటకెక్కింది. ఇలాంటి సందర్భాల్లో చాలా సంస్థలు ఏం చేస్తాయో నాకు తెలుసు: ఇంకో కమిటీ వేస్తాయి, ఇంకో పదేళ్ళు లారీలు నడుపుతాయి. ఇక్కడ అలా జరగలేదు. అక్కడి ఇంజనీర్లు, వాళ్ళలో సుధీర్ మూర్తి ఒకరు, విశ్వవిద్యాలయాలతో కలిసి పరిశోధన చేసి, యూరపులో నడుస్తున్న ఒక పద్ధతి వైపు మొగ్గారు. నార్వేలోని కాంబి అనే సంస్థ 1990ల మధ్య నుంచి చేస్తున్న పని అది. ఉత్తర అమెరికాలో అప్పటికి ఎవరూ దాన్ని పెట్టలేదు. ప్రజల నీటి బిల్లుల డబ్బుతో నడిచే సంస్థ, మొదటివాళ్ళం మేమే అని ముందుకు దూకడం మామూలు విషయం కాదు.

ఆ పద్ధతి ఏమిటో మన వంటింటి భాషలో చెబుతాను. మన ప్రెషర్ కుక్కరు విజిల్ వేసేటప్పటికి లోపల 120 డిగ్రీల దాకా వేడి ఉంటుంది. బ్లూ ప్లెయిన్స్‌లో పెట్టిన కుక్కర్లలో సుమారు 165 డిగ్రీలు, పీడనం మామూలు గాలికి ఆరేడు రెట్లు. బురదను ముందు బాగా పిండి చిక్కబరుస్తారు. తరవాత కుక్కర్లోకి ఎక్కించి, ఆవిరి పంపి, అరగంట సేపు ఉడికిస్తారు. ఇలాంటివి నాలుగు వరుసలు, వరుసకు ఆరు. అరగంట కాగానే ఒక్కసారిగా పీడనం వదిలేస్తారు. ఇసుకలో వేయించిన వడ్లు పేలాలైనట్టు, బురదలోని సూక్ష్మజీవుల గోడలు పేలిపోతాయి. ఇది రెండు విధాల కలిసివచ్చింది. రోగక్రిమి అన్నది మిగలదు. చిక్కటి బురద పలచటి గంజిలా జారుగా తయారవుతుంది కాబట్టి అదే కుండంలో దాదాపు రెండింతలు పట్టించవచ్చు. మామూలుగా ఎనిమిది కావలసిన చోట నాలుగు కుండాలతో సరిపెట్టారు. ఒక్కొక్కటి ఎనభై అడుగుల ఎత్తు, 38 లక్షల గాలన్ల పట్టు. ఉడికినది చల్లార్చి వాటిలోకి పంపితే అక్కడి సూక్ష్మజీవులు హాయిగా తింటాయి. ఉడికిన అన్నం పసిపిల్లలకు కూడా అరుగుతుంది కదా, అలాగ. వచ్చిన వాయువుతో మూడు టర్బైన్లు తిరుగుతాయి. ఆ టర్బైన్ల పొగలో ఉన్న వేడితోనే కుక్కర్లకు కావలసిన ఆవిరి తయారవుతుంది.

ఖర్చు 47 కోట్ల డాలర్లు. 2014 శరత్కాలంలో మొదలుపెట్టి, 2015 అక్టోబరులో లాంఛనంగా ప్రారంభించారు. అప్పటికి ఈ రకంలో ప్రపంచంలోనే పెద్దది. దాదాపు 10 మెగావాట్ల విద్యుత్తు, అంటే కర్మాగారం వాడకంలో మూడో వంతు దాకా, అక్కడే పుడుతుంది. నగరంలో అతి ఎక్కువ కరెంటు వాడే వాటాదారుల్లో ఈ సంస్థ ఒకటి కాబట్టి ఇది చిన్న విషయం కాదు. బురద సగానికి పైగా తగ్గింది, లారీలూ తగ్గాయి. సున్నం అవసరం పోయింది. బయటికి వచ్చే సరుకు మొదటి తరగతిది: ఇంటి తోటలకు కూడా వేసుకోవచ్చునని నిబంధనలే ఒప్పుకుంటాయి. దానికి బ్లూమ్ అని పేరు పెట్టి అమ్మడం మొదలుపెట్టారు. మురుగు బురదను పేరు పెట్టి అమ్మడం కొత్త కాదు. మిల్వాకీ నగరం 1926 నుంచి మిలోర్గనైట్ పేరుతో బస్తాల్లో అమ్ముతోంది. నేనూ ఒకసారి బ్లూమ్ తెచ్చి మా పెరట్లో పూలమొక్కలకు వేశాను. నల్లగా, వాన పడిన అడవి నేలలాంటి వాసన, కొంచెం అమోనియా ఘాటు. మా ఆవిడ అది గోంగూర మడి దాకా రానివ్వలేదు. నిబంధన చదివి వినిపించాను. "నిబంధన మీరు తినండి, గోంగూర నేను వండుతాను" అంది.

ఇప్పుడు మా అమ్మ అన్న మాట దగ్గరికి వస్తాను. 'ఆ పని' అంటే మన దేశంలో పని పేరు కాదు, కులం పేరు. పాకీదొడ్లు ఊడ్చి, తట్టల్లో నెత్తిన మోసిన మనుషులు తరతరాలుగా ఒకే వాడ నుంచి వచ్చారు. వాళ్ళకూ శుద్ధి కర్మాగారాలకూ సంబంధం ఏమిటంటారేమో. ఉంది. కాలువ, పంపు, కుండం లేని చోట ఆ పని మనిషి చేయాల్సి వచ్చింది. ఆ మనిషి దొరుకుతున్నంత కాలం ఆ యంత్రాల అవసరం పై వాళ్ళకు కనబడలేదు. కోలార్ బంగారు గనుల్లో స్థిరపడిన తెలుగు కుటుంబంలో 1966లో పుట్టిన బెజవాడ విల్సన్ ఇంట్లో ఇదే పని. ఆయన చదువుకుని, దాన్ని మాన్పించడానికే జీవితం పెట్టాడు. మన ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ ఆయనకు అండగా నిలిచారు. సఫాయి కర్మచారి ఆందోళన్ కార్యకర్తలు ఆంధ్రప్రదేశ్‌లో పాకీదొడ్లను లెక్కగట్టారు, కూలగొట్టించారు. ఆ పనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, అది చాలక 2013లో ఇంకొకటి వచ్చాయి. 2014లో సుప్రీంకోర్టు మురుగు కాలువల్లో దిగి చనిపోయినవారి కుటుంబాలకు పది లక్షల రూపాయలు ఇవ్వాలంది. 2023లో దాన్ని ముప్ఫై లక్షలు చేసింది. విల్సన్‌కు 2016లో మెగసెసే పురస్కారం వచ్చింది. కాలువల్లో చావులు మాత్రం ఆగలేదు.

బ్లూ ప్లెయిన్స్‌లో కుండాల మధ్య నడుస్తున్నప్పుడు నాకు గట్టిగా అనిపించేది ఇదే. అక్కడ పనిచేసే ఆపరేటర్లు పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకున్నవాళ్ళు. గాలి సరిగా ఉందో లేదో మీటరు పెట్టి చూడకుండా ఎవరూ ఏ గుంటలోకీ దిగరు. ఒక పెద్దాయన ముప్ఫై ఏళ్ళుగా అక్కడే పనిచేస్తున్నానని, తన కొడుకు కూడా ఈ పనిలోకే వచ్చాడని గర్వంగా చెప్పాడు. తండ్రి పని కొడుకు చేయడం మనకూ తెలుసు, కానీ ఆ గొంతుతో చెప్పడం నేను వినలేదు. అలాగని ఇక్కడంతా సమంగా ఉందనీ అనను. ఆ కర్మాగారం గోడను ఆనుకుని ఉన్న పేటల్లో ఇప్పటికీ ఎక్కువమంది నల్లజాతివారు, నగరంలోని పేదవారు.

హైదరాబాదు సంగతి రెండు ముక్కల్లో. 1908 మూసీ వరదల తరవాత విశ్వేశ్వరయ్యగారు వచ్చి జలాశయాలతో పాటు నగరానికి మురుగు కాలువల పథకం కూడా సూచించారు. జలాశయాలను అందరం తలుచుకుంటాం, కాలువలను తలుచుకోం. అంబర్‌పేటలో రోజుకు 33 కోట్ల 90 లక్షల లీటర్లు పట్టే కేంద్రం వచ్చేసరికి దాదాపు నూరేళ్ళు గడిచాయి. 2021లో ఇంకో 31 కేంద్రాలకు ప్రభుత్వం అనుమతిచ్చింది. ఈసారి వెళ్ళినప్పుడు ఎవరినైనా అడగండి, నీళ్ళ లెక్క చెబుతారు. బురద ఎక్కడికి పోతోందని అడిగితే మాట మారుస్తారు. అక్కడే కాదు, ప్రపంచమంతా అంతే.

కథ బాగానే ముగిసిందనుకునే వేళకు కొత్త గొడవ ఒకటి వచ్చింది. అంటుకోని పెనాలు, నీళ్ళకు తడవని కోట్లు, మరకలు పడని తివాచీలు తయారు చేయడానికి వాడే ఒక రకం ఫ్లోరిన్ రసాయనాలు, వీటిని పీఫాస్ అంటారు, ఎంత ఉడికించినా చావవు. అవి సూక్ష్మజీవులు కావు మరి. మన ఇళ్ళ నుంచీ, ఫ్యాక్టరీల నుంచీ మురుగులోకి వచ్చి, కొంత నీళ్ళతో పోయి, కొంత బురదలో నిలుస్తాయి. మెయిన్ రాష్ట్రంలో బురద వేసిన పొలాల్లో పాలూ, నీళ్ళూ కలుషితమై రైతులు నష్టపోయారు. 2022లో ఆ రాష్ట్రం పొలాలకు బురద వేయడాన్నే నిషేధించింది. 2025 జనవరిలో కేంద్ర పర్యావరణ సంస్థ ముసాయిదా అంచనా ఒకటి విడుదల చేస్తూ, కొన్ని పరిస్థితుల్లో ఇది ఆరోగ్యానికి ప్రమాదమే అంది. 1993 నిబంధనల్లో సీసం, ఆర్సెనిక్ లాంటివాటికి హద్దులున్నాయి, వీటికి లేవు. అప్పటికి వీటి సంగతి పట్టించుకున్నవాళ్ళు లేరు. నా అభిప్రాయం అడిగితే, బురదను నిందించి ప్రయోజనం లేదు, రసాయనాన్ని ఫ్యాక్టరీ గుమ్మం దగ్గరే ఆపాలి. పొలానికి వేయనివ్వకపోతే ఆ బురద ఇంకెక్కడో పూడ్చాలి లేదా కాల్చాలి, రసాయనం అక్కడా ఉంటుంది. గోంగూర మడి విషయంలో మా ఆవిడ పట్టుదలకు మాత్రం ఇప్పుడు నా దగ్గర జవాబు లేదు.

ఈలోగా బ్లూ ప్లెయిన్స్‌కి వచ్చే సరుకు పెరుగుతూనే ఉంది. షెపర్డ్ కాలం నాటి కాలువలు పెద్ద వానకు పొంగి నదుల్లో పడకుండా, నగరం కింద భారీ సొరంగాలు తవ్వుతున్నారు. ఎనకోస్టియా వైపు సొరంగాల్లో కొంత భాగం 2018లో, మిగతాది 2023లో వాడకంలోకి వచ్చింది. ఒకప్పుడు నదిలో కలిసిపోయిన మురుగు ఇప్పుడు ఆ సొరంగాల్లో ఆగి, వాన వెలిశాక పంపుల మీదుగా కర్మాగారానికి చేరుతోంది. పోటోమాక్ వైపు సొరంగం 2030కి పూర్తి కావాలి. అదీ వచ్చి కలిస్తే ఆ నాలుగు కుండాల్లోకి వెళ్ళేది ఇంకొంచెం పెరుగుతుంది.